కొహిమా దారి నుంచి పెదనాన్నకు

దీమాపూర్,
2019 నవంబరు

పెదనాన్నా,

మీరు అప్పజెప్పిన పనే ముందు చేశాను. స్టేషను బయటికి వస్తూనే, యుద్ధకాలంలో ఇక్కడుండే పెద్ద సరుకుల డిపో ఎక్కడని ఆటో అతన్ని అడిగాను. "ఆర్మీ క్యాంటీనా మేడమ్?" అన్నాడు. ఇంకో ఇద్దర్ని అడిగినా అంతే. పదకొండు మైళ్ళ పొడవు, మైలు వెడల్పు ఉండేదని సాక్షాత్తూ బ్రిటిషు పద్నాలుగో సైన్యాధిపతి స్లిమ్ దొర రాసుకున్న డిపో ఇది. ఇప్పుడు దాని జాగాలో ఏముందో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. మార్కెట్లో పట్టుపురుగులు, నత్తలు, రాజా మిరపకాయలు అమ్ముతున్నారు. మిరపకాయ ఒకటి కొరికి చూడమన్నారు. గుంటూరు కారం తిన్నదాన్నే అయినా దండం పెట్టి తప్పించుకున్నాను.

మీరు సర్వీసు చేసి వచ్చాక నాన్న మిమ్మల్ని "బస్తాలు లెక్కెట్టిన సిపాయి" అని ఏడిపించేవాడు గుర్తుందా? సైన్యానికి సరుకులందించే ఏఎస్‌సీ అంటే యుద్ధమే కాదన్నట్టు మాట్లాడేవాడు. ఇక్కడికి వచ్చేముందు చదివింది చదివాక నాన్న ఆ మాట వెనక్కి తీసుకునేలా చేయాలని ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు మన దేశం వైపు వేసిన అతి పెద్ద అడుగు ఈ ప్రాంతంలోనే ఆగిపోయింది. ఆగింది బియ్యం దగ్గర.

లెక్క చూడండి. జనరల్ ముతాగుచి తన పదిహేనో సైన్యంతో, మూడు డివిజన్లు, సుమారు 85,000 మందితో, 1944 మార్చిలో బర్మాలోని చింద్విన్ నది దాటాడు. చేతిలో ఉన్నది మూడు వారాల తిండి. ఈలోగా ఇంఫాల్ పడిపోతుంది, అక్కడి బ్రిటిషు గోదాముల్లోంచి తినొచ్చు, ఇదీ ఆయన పథకం. వెంట పశువుల మందల్ని తోలుకొచ్చారు. ముందు సామాను మోయడానికి, తర్వాత కోసుకు తినడానికి. నది దాటేటప్పుడే బోలెడు కొట్టుకుపోయాయి. మిగిలినవి ఆ కొండలెక్కలేక దారిలోనే కూలబడ్డాయి. మీ చేతికి ఇలాంటి రేషను ప్లాను వస్తే సంతకం పెట్టేవారా?

వింత ఏమిటంటే ఆ పథకం దాదాపు పారేదే. ఏప్రిల్ మొదటి వారంలో దీమాపూర్‌ను కాయడానికి చాలినంత సైన్యం లేదు. ముతాగుచి కింది 31వ డివిజను అధిపతి సాతో ఇక్కడికి 74 కిలోమీటర్ల దూరంలో, కొహిమా దగ్గర ఉన్నాడు. కొహిమాను చుట్టుముట్టి కొందర్ని అక్కడ వదిలేసి, మిగిలినవాళ్ళతో కిందికి దిగి ఉంటే ఈ పదకొండు మైళ్ళ సరుకూ, రైలు మార్గమూ ఆయన చేతికి వచ్చేవి. ముతాగుచికి ఆ ఆశ ఉంది. ఆయన పై అధికారి కవాబే, హద్దు మీరొద్దని ఆపేశాడు. స్లిమ్ తన పుస్తకంలో సాతోకి ఊహాశక్తి లేదని ఎకసెక్కం చేశాడు. నాకు అది కొంచెం అన్యాయంగా అనిపించింది. కడుపు మాడుతున్న డివిజన్ని నెత్తిన పెట్టుకున్నవాడికి ఊహలు ఏం వస్తాయి?

రేపు పొద్దున్నే సుమోలో కొహిమా. ఇన్నర్ లైన్ పర్మిట్ తీసేసుకున్నాం. పెద్దమ్మకి చెప్పండి, స్వెటరు వేసుకుంటున్నాను.

మీ బుజ్జి

*

కొహిమా

పెదనాన్నా,

ఈ ఉత్తరం పొడుగైపోతుంది, ఓపిక పట్టాలి.

ఇక్కడి యుద్ధ పటంలో కొండల పేర్లు చూస్తే మీరు నవ్వుతారు. ఎఫ్ఎస్‌డీ కొండ, అంటే ఫీల్డ్ సప్లై డిపో. డీఐఎస్ కొండ, అదీ సరుకులు పంచే చోటే. జీపీటీ రిడ్జ్, జనరల్ పర్పస్ ట్రాన్స్‌పోర్ట్. ఈ పేర్లన్నీ మీ డిపార్టుమెంటువే. కొహిమా అప్పటికి ఒక నాగా ఊరు, ఒక డిప్యూటీ కమిషనరు బంగళా, మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన సరుకుల కొట్లు. అంతే. యుద్ధం వచ్చి ఆ కొట్ల మీదే కూర్చుంది.

ఏప్రిల్ 4 ప్రాంతంలో ముట్టడి మొదలైంది. లోపల ఉన్నది కర్నల్ రిచర్డ్స్ కింద సుమారు 2,500 మంది. అందులో తుపాకీ పట్టి పోరాడగలిగినవాళ్ళు 1,500 దాకా ఉంటారు. రాయల్ వెస్ట్ కెంట్ పటాలం, అస్సాం రెజిమెంటు, అస్సాం రైఫిల్స్, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో. మిగతావాళ్ళు గుమాస్తాలు, వంటవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు. బయట ఒక డివిజను. డీఐఎస్ కొండ మీద మిలటరీ బేకరీ ఉండేది. జపాను సైనికులు చొచ్చుకొచ్చి, ఇటుకల రొట్టె బట్టీల్లోకి దూరి అక్కణ్ణించి కాల్చారు. వాళ్ళని బయటికి లాగడానికి బట్టీలోకి గ్రెనేడ్లు వేయాల్సి వచ్చింది. ఆ పోరులో ముందున్న లాన్స్ కార్పొరల్ హార్మన్‌కి చనిపోయాక విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఇక్కడి యుద్ధ స్మశానంలోనే ఉన్నాడు.

నీళ్ళ సంగతి. మొదట్లోనే గొట్టం లైను శత్రువు చేతిలో పడింది. ఆ తర్వాత మనిషికి రోజుకి అర లీటరు. గాయపడినవాళ్ళకీ ఇంచుమించు అంతే. ఆస్పత్రి వెనక సన్నటి ఊట ఒకటి దొరికింది. చీకటి పడ్డాక పాక్కుంటూ వెళ్ళి పట్టుకొచ్చుకునేవారు. విమానాలు నీళ్ళు జారవిడిచేవి, అందులో సగం గాలికి శత్రువు వైపు పోయేది. గాయపడినవాళ్ళని కందకాల్లో పడుకోబెడితే, అక్కడ పడుకున్నవాళ్ళకే మళ్ళీ గుండు దెబ్బలు తగిలేవి.

టెన్నిస్ కోర్టు గురించి ఫోన్లో మీరు మూడుసార్లు అడిగారు. ఉంది. డిప్యూటీ కమిషనరు బంగళా పోయింది గానీ దాని టెన్నిస్ కోర్టు గీతలు తెల్లగా కట్టి ఉంచారు, చుట్టూ సమాధులు. ఒకవైపు బేస్‌లైను దగ్గర నిలబడి రెండోవైపుకి నడిచాను. మనింటి వీధరుగు నుంచి నాలుగిళ్ళ అవతల చెరువు గట్టుకి పోయినంత దూరం కూడా లేదు. ఈ చివర వీళ్ళ కందకాలు, ఆ చివర వాళ్ళవి. పగలు రాత్రి మధ్యలో ఎగిరింది బంతులు కాదు, గ్రెనేడ్లు. పక్కనే ఒక చెర్రీ చెట్టు, దాని దగ్గర ఫలకం. జపాను గురికాడు కూర్చున్న చెట్టు పోరులో ముక్కలైపోయి, మొదలు నుంచి మళ్ళీ చిగిర్చిందని రాసుంది. యాత్రికులు ఫొటోలు దిగేది దాని దగ్గరే. నేనూ దిగాను.

ఏప్రిల్ 18న పంజాబీ పటాలం దారి తెరిచింది, 20న లోపలివాళ్ళని మార్చారు. అక్కడితో అయిపోలేదు, చాలామంది అక్కడే కథ ఆపేస్తారు. ఇంకో నెలకు పైగా ఒక్కో కొండా లాక్కోవడానికే పట్టింది. టెన్నిస్ కోర్టు చేతికి రావడానికి మే నడిమి దాకా ఆగాల్సి వచ్చింది. ఒక ట్యాంకుని వాలు మీదికి ఎలాగో ఎక్కించి, పైనుంచి కోర్టులోకి దించి, బంకర్ల నోట్లో పేల్చారట. ఇంకో ట్యాంకు వాలు మీంచి జారిపోయి ఊళ్ళోనే ఉండిపోయింది. తుప్పు పట్టిన దాని మీద పిల్లలెక్కి ఆడుకుంటున్నారు.

స్మశానంలో 1,420 సమాధులు. ఒక్కో రాయి మీద ఇంట్లోవాళ్ళు రాయించిన మాటలు. పై మెట్టు మీద ఇంకో కట్టడం ఉంది, దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడ చెక్కారు, 917. గైడు అందర్నీ కింద ఉన్న ప్రసిద్ధమైన శిలాశాసనం దగ్గరే ఆపుతున్నాడు. నేను తొందరపెడితే గానీ పైకి తీసుకెళ్ళలేదు. ఇద్దరే ఉన్నాం అక్కడ. పేర్లు చదువుతుంటే ఊళ్ళు ఊహించుకోవడం నా వంతైంది.

మేమున్న ఇంటి అవ్వకి ఎనభై దాటాయి, అంగామీ ఆవిడ. మనవరాలు తర్జుమా చేసింది. యుద్ధం వచ్చేసరికి చిన్నపిల్ల, అడవిలోకి పారిపోయారు, తిరిగొస్తే ఊరు బూడిద. జపాను వాళ్ళు మొదట్లో డబ్బిచ్చి బియ్యం కొన్నారట, తర్వాత ఊరికే పట్టుకుపోయారట, ఆఖర్ని పందుల్ని, కోళ్ళని కూడా వదల్లేదట. నాగాలు బ్రిటిషువాళ్ళకి దారి చూపారు, గాయపడినవాళ్ళని మోశారు, శత్రువు కదలికలు చేరవేశారు. డిప్యూటీ కమిషనరు పాసీ మీద అభిమానంతో అని పుస్తకాలు రాస్తాయి. అవ్వ అదేమీ అనలేదు. "ఇంకో ఏడాది విత్తనాలు కూడా తిన్నారు" అంది. నాకు ఆ కారణమే ఎక్కువ నిజమనిపిస్తోంది.

సాతో మే ఆఖర్లో పైవాళ్ళకి కబురు పెట్టాడు, సరుకు రాకపోతే వెనక్కి పోతానని. సరుకు రాలేదు. ఆజ్ఞ లేకుండానే డివిజన్ని వెనక్కి తిప్పాడు. జపాను సైన్యంలో ఒక డివిజను అధిపతి అలా చేయడం మామూలు సంగతి కాదు. నన్ను కోర్టు మార్షల్ చేయండి, అన్నీ అక్కడే చెబుతానన్నాడు. అది ఇష్టం లేక, మతి స్థిమితం తప్పిందని వైద్యుల చేత చెప్పించి ఊరుకున్నారు. ఇక్కడ సమాధుల మధ్య తిరిగినా నాకు బాగా గుర్తుండిపోయినవాడు ఆయనే. శత్రువే అయినా.

మీ బుజ్జి

*

ఇంఫాల్

పెదనాన్నా,

రోడ్డు సగం దూరం బాగుంది, సగం దూరం దుమ్ము. జూన్ 22న కొహిమా నుంచి దిగినవాళ్ళు, ఇంఫాల్ నుంచి ఎక్కినవాళ్ళు 109వ మైలురాయి దగ్గర కలుసుకున్నారని చదివాను. డ్రైవరుకి ఆ సంగతి తెలియదు, నేను కిటికీలోంచి చూస్తూనే దాటిపోయాం.

ఇక్కడ పోరు పద్ధతి వేరు. పళ్ళెం లాంటి మైదానం, చుట్టూ కొండలు, అన్ని దారులూ మూసుకున్నాయి. మూడు నెలలు ఊరిని నిలబెట్టింది విమానాలు. ముందు అరకాన్‌లో పోరాడుతున్న అయిదో భారత డివిజన్ని ఫిరంగులతో, కంచరగాడిదలతో సహా ఎక్కించి తెచ్చారు. ఆ తర్వాత లోపలికి బియ్యం, పెట్రోలు, మందుగుండు. తిరిగి వెళ్ళేటప్పుడు గాయపడినవాళ్ళు, కూలీలు, తిండి దండగ అనుకున్న ప్రతివాళ్ళూ. ఒకడు మూడు వారాల బియ్యంతో పందెం కాశాడు, ఇంకొకడు రోజూ ఆకాశంలోంచి దించుకున్నాడు. కొండల మీద సిపాయిల తెగువని తక్కువ చేయడం లేదు. నుంగ్‌షిగుమ్ అనే కొండ దూరం నుంచి చూశాను. ఏప్రిల్ 13న దాని మీదికి ట్యాంకులు ఎక్కించారు, వెంట డోగ్రాలు. మేకలు కూడా ఆలోచించి ఎక్కే వాలు అది.

నంబోల్ దగ్గర మైబామ్ లోక్పా చింగ్ అని చిన్న గుట్ట. దాని కింద జపాను వాళ్ళు స్మారకం కట్టారు, పక్కనే ఈ ఏడాది జూన్‌లో శాంతి మ్యూజియం తెరిచారు. తుప్పు పట్టిన హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, అన్నం వండుకునే మెస్ టిన్నులు. ఎక్కువభాగం చుట్టుపక్కల రైతులు పొలం దున్నుతుంటే బయటపడ్డవే. మణిపురీ వాళ్ళు ఈ యుద్ధాన్ని 'జపాన్ లాన్' అంటారు. మా హోటలు కుర్రాడు వాళ్ళ ముత్తాత చెప్పిన లెక్కలో ఇంకా సంవత్సరాలు చెబుతాడు: జపాన్ లాన్‌కి ముందు, తర్వాత.

జూలైలో దాడి రద్దయింది. అప్పటికి వానలు, మలేరియా, రక్త విరేచనాలు. వచ్చిన 85,000లో సుమారు 53,000 మంది చనిపోవడమో, గాయపడ్డమో, జాడ లేకపోవడమో జరిగింది. చనిపోయినవాళ్ళే 30,000. వాళ్ళలో ఎక్కువమంది తుపాకీ దెబ్బలకి పోలేదు, ఆకలికీ రోగాలకీ పోయారు. చింద్విన్ వైపు వెనక్కి నడిచిన దారికి వాళ్ళే ఎముకల దారి అని పేరు పెట్టుకున్నారు. అక్కడి నుంచి బర్మాలో జపాను మళ్ళీ కోలుకోలేదు, మరుసటి ఏడు మే నెలలో రంగం (రంగూన్) కూడా చేజారింది.

నిన్న మొయిరాంగ్ వెళ్ళాం, లోక్‌తాక్ సరస్సు ఒడ్డున. 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజు కర్నల్ షౌకత్ మాలిక్ జెండా ఎగరేసిన చోట మ్యూజియం ఉంది. అదే కొండల్లో ఇటు బ్రిటిషు వైపు విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న జమేదార్ అబ్దుల్ హఫీజ్, అటు ఫౌజు వాళ్ళ గాంధీ బ్రిగేడు. ఇద్దరూ మనవాళ్ళే, ఎదురెదురుగా. రెండు మ్యూజియాలూ ఒకదాని గురించి ఒకటి ఒక్క ముక్క రాసుకోలేదు.

మీ బుజ్జి

*

పాలేల్

పెదనాన్నా,

తాత బర్మా నుంచి నడిచొచ్చిన దారికి వచ్చాను.

ఇక్కణ్ణించి రోడ్డు షేనాం కనుమ ఎక్కి తమూ వైపు దిగుతుంది. 1944లో ఆ కనుమ కొండలకి మాల్టా, జిబ్రాల్టర్ అని పేర్లు పెట్టుకుని నెలల తరబడి కొట్టుకున్నారు. నాకు మాత్రం దానికి రెండేళ్ళ ముందు సంగతే మనసులో తిరుగుతోంది. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక, మన సోంపేట, టెక్కలి వైపు నుంచి వెళ్ళి రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో చేసినవాళ్ళు నడక మొదలుపెట్టారు. బర్మా నుంచి అలా బయటపడ్డ మనవాళ్ళు అయిదు లక్షల దాకా ఉంటారంటారు. మాండలే దాటి, చింద్విన్ దాటి, తమూ మీదుగా ఈ రోడ్డున చాలామంది వచ్చారు. దొరలకి ఒక దారి, మనవాళ్ళకి ఒక దారి. శిబిరాలూ వేరు. కలరాకి మాత్రం ఆ తేడా లేదు. తేయాకు తోటల సంఘంవాళ్ళు కూలీల్ని తెచ్చి దారి వేయించి, గంజి కేంద్రాలు పెట్టించారు. రెండేళ్ళ తర్వాత ట్యాంకులు నడిచింది ఆ దారి మీదే.

కనుమ మీద కారు దిగి కొంత దూరం నడిచాను, నడుం పట్టేసింది. నున్నటి తారు రోడ్డు, చేతిలో మంచినీళ్ళ సీసా ఉండి కూడా.

తాత ఇంఫాల్‌లో బాంబులు చూశానని చెప్పేవాడు కదా. ఇంఫాల్ మీద మొదటి బాంబులు 1942 మే 10న పడ్డాయి. అంటే ఆయన అప్పటికి ఇక్కడ ఉండాలి. కానీ నాయనమ్మ చెప్పిన లెక్కలో, విశాఖపట్నం మీద బాంబులేసినప్పుడు, అంటే ఏప్రిల్ 6కి, ఆయన ఇంటికి వచ్చేశాడు. రెండూ కుదరవు. చిన్నాన్న దగ్గరున్న ట్రంకు పెట్టెలో తాత రైలు పాసు ఉందని ఒకసారి అన్నారు. దాని మీద తేదీ ఉంటే చూసి ఫోన్ చేయండి. ఎల్లుండి దాకా ఇంఫాల్‌లోనే ఉంటాను, తేదీని బట్టి ఎక్కడ వెతకాలో చూస్తాను.

మీ బుజ్జి