సెలవు పెట్టని లైబ్రేరియన్ ఇల్లు

రంగనాథన్ పేరెత్తగానే గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్ళు ఆయన రాసిన అయిదు సూత్రాలూ గడగడా అప్పజెప్పేస్తారు. ఆయన ఇంట్లో ఎవరెవరుండేవారని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. ఆ మహానుభావుడి కథలో సగం ఇంట్లోనే ఉంది.

తంజావూరు జిల్లా షియాళిలో 1892 ఆగస్టులో పుట్టారాయన. తండ్రి రామామృత అయ్యర్ కొద్దిపాటి భూమి ఉన్న మనిషి, ఊళ్ళో రామాయణం చెప్పేవారు. పిల్లాడికి ఆరేళ్ళప్పుడు కన్నుమూశారు. తాతగారు బడిపంతులు. మనవడికీ ఆ పంతులుగిరీ అబ్బింది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1917 నుంచి మంగళూరులో, కోయంబత్తూరులో, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెప్పారు. మాట కాస్త నత్తి. అయినా తరగతి గది వదిలి పోవాలని ఆయనకు ఏ కోశానా లేదు.

వదిలించింది జీతం. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ ఉద్యోగానికి ప్రకటన ఇచ్చింది, జీతం మాష్టరు జీతం కంటే నయం. మిత్రులు పోరి దరఖాస్తు పెట్టించారు. తొమ్మిది వందల దాకా దరఖాస్తులు వచ్చాయట. గ్రంథాలయాల గురించి ఈయనకు తెలిసిందల్లా ఇంటర్వ్యూకి ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదివిన ఒక్క వ్యాసం. ఉద్యోగం మాత్రం ఈయనకే వచ్చింది. 1924 జనవరిలో చేరారు. చేరిన కొద్ది రోజులకే ఆ నిశ్శబ్దానికి ఊపిరాడక ప్రెసిడెన్సీ కళాశాలకు పరుగెత్తి, నన్ను వెనక్కి తీసుకోండి మహాప్రభో అన్నారు. లండన్ వెళ్ళి శిక్షణ పొందిరా, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అని సర్దిచెప్పి పంపారు.

లండన్‌లో మనిషి మారిపోయాడు. గ్రంథాలయ శాస్త్ర గురువు బెర్విక్ సేయర్స్ దగ్గర చదివాడు, వందకు పైగా గ్రంథాలయాలు తిరిగి చూశాడు. సెల్ఫ్రిడ్జెస్ అంగట్లో మెకానో బొమ్మల పెట్టె చూసి, నాలుగు రేకు ముక్కలతో ఎన్ని బొమ్మలైనా కట్టినట్టు, నాలుగు గుర్తులతో ఏ పుస్తకం విషయాన్నయినా కట్టవచ్చునని పసిగట్టాడు. ఆయన తయారుచేసిన కోలన్ వర్గీకరణ పద్ధతికి బీజం అక్కడ పడింది. తిరుగు ప్రయాణంలో ఓడలో ఉన్న పుస్తకాలను కూడా ఆ పద్ధతిలో సర్దేశాడంటారు. పాపం, ఆ ఓడ ప్రయాణికులు తమకు కావలసిన నవల ఎక్కడికి పోయిందో అని ఎంత వెతుక్కున్నారో!

ఇక ఇంటి సంగతి. పదిహేనేళ్ళ వయసులో, 1907లో, రుక్మిణితో పెళ్ళయింది. ఆమె 1928లో ఒక ప్రమాదంలో మరణించింది. ఆయన పూనుకున్న మద్రాసు గ్రంథాలయ సంఘం పుట్టిన ఏడాది కూడా అదే. మరుసటి ఏడు ఆయన శారదను పెళ్ళాడారు. పెళ్ళిరోజు మధ్యాహ్నానికే లైబ్రరీలో తన కుర్చీలో ప్రత్యక్షమయ్యారని చెప్పుకుంటారు. ఇల్లు నడిచివెళ్ళేంత దూరంలోనే ఉన్నా వారానికి ఏడు రోజులూ, రోజుకు పదమూడు గంటలూ లైబ్రరీలోనే. ఇరవై ఏళ్ళలో ఒక్క సెలవూ పెట్టలేదని కూడా అంటారు. 1931లో అయిదు సూత్రాల పుస్తకం, 1933లో కోలన్ వర్గీకరణ, ఆ రెంటికీ నడుమ 1932లో కొడుకు యోగేశ్వర్. ఆ పసివాణ్ణి ఎత్తుకుని తిప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది ఆయన నాలుగో సూత్రం. ఆ ఆదా అయిన సమయమంతా శారదమ్మ ఖాతాలోంచే పోయిందని నా అనుమానం.

ఆయనా ఊరికే కూర్చోలేదు, అది నిజం. 1931లో మన్నార్‌గుడి పల్లెలకు ఎడ్లబండి మీద పుస్తకాలు వెళ్ళాయి. ఆయన కృషితో 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉండేవి కనుక మన ఊళ్ళకూ అదే చట్టం. ఇంటిపన్నుతో కలిపి వసూలయ్యే గ్రంథాలయ పన్ను మనకు అలవాటైంది దానివల్లే. మద్రాసులో పదవీ విరమణ చేశాక కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్ళి రెండేళ్ళలో లక్షకు పైగా పుస్తకాలను స్వయంగా వర్గీకరించి, కేటలాగు చేసిపెట్టారు. అక్కణ్ణుంచి ఢిల్లీలో మళ్ళీ మాష్టారు, 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రానికి పెద్దదిక్కు. పాఠం మానలేదు, పాఠ్యాంశం మారింది, అంతే.

మరి కుటుంబం? 1955 నుంచి 57 దాకా జ్యూరిచ్‌లో ఉన్నారు. కొడుకు అప్పుడే యూరప్ అమ్మాయిని పెళ్ళాడాడు. ఆచారం గల తండ్రికి అది ఒకపట్టాన మింగుడుపడలేదు. ఆ రోజుల్లోనే, జీవితమంతా కూడబెట్టిన లక్ష రూపాయలూ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చేసి, గ్రంథాలయ శాస్త్రంలో ఒక ఆచార్య పీఠం పెట్టించారు. దానికి తన ఒక్కడి పేరు పెట్టలేదు, శారదా రంగనాథన్ పీఠం అన్నారు. బెంగళూరులో స్థాపించిన ధర్మనిధికీ ఆమె పేరే. లక్ష రూపాయలంటే ఆనాడు చిన్న మాట కాదు. ఆ డబ్బు కూడాలంటే ఇంట్లో ఎంత పొదుపు నడిచి ఉండాలి! దాత ఆయనే, కాని చెక్కు మీద కనబడని సంతకం ఆవిడదే.

భార్యకు ఇవ్వని గంటలకు పేరుతో చెల్లు అయిపోయిందా అంటే, కాలేదనే అంటాను. కాని ఆనాటి పెద్దమనుషుల్లో ఎంతమంది తమ కష్టార్జితానికి ముందు భార్య పేరు రాశారో లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి.

రంగనాథన్ 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు. ఆ పెళ్ళితో ఆయన మనసు కష్టపెట్టిన యోగేశ్వరే తర్వాత తండ్రి జీవితచరిత్ర రాశాడు. ఏటా ఆగస్టు 12న లైబ్రేరియన్ల దినమని మన శాఖా గ్రంథాలయాల్లోనూ రంగనాథన్ పటానికి దండ వేస్తారు. ఈసారి ఆ సభలో మాట్లాడే పెద్దలెవరైనా శారదమ్మ గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి.