మైకుసెట్టూ, మహాప్రాణాలూ

తెలుగు పండితుడికి వాల్వు ఆంప్లిఫయరుతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. పద్యం నటుడి నోట పుట్టినా, మా పల్నాటి పల్లెల్లో అది జనం చెవిని చేరింది మైకుసెట్టు ద్వారానే. కారెంపూడి వీరుల ఉత్సవాల్లోనైనా, కోటప్పకొండ తిరునాళ్ళలోనైనా, తెల్లవార్లూ సాగే పాండవోద్యోగవిజయాల్లోనైనా కవికీ శ్రోతకూ నడుమ ఆ ఇనుప పెట్టె కూర్చుని ఉండేది. వ్యాకరణం చెప్పుకొని బతికినవాడికి ఆ పెట్టె ఏ అక్షరాన్ని దాటనిచ్చిందో, ఏ అక్షరాన్ని మింగిందో తెలుసుకోవాలనిపించడం సహజమే కదా!

మా ఊరి నాటకసమాజం సెట్టు చాలా ఏళ్ళుగా అటక మీద ఉంది. నగరం నుంచి ఎవరో వచ్చి వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ మాత్రం పీకి ఇస్తే మంచి ధర ఇస్తామన్నారట. శివరాత్రిలోగా మోగితే ఉంచుతాం, మోగకపోతే ఇచ్చేస్తామని కుర్రవాళ్ళు తేల్చేశారు. దాన్ని బాగుచేయగలవాడు ఊళ్ళో ఒక్కడే. ఆయనకు ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి. "చేతులు మీవి, చెవులు నావి, రండి మాస్టారూ" అన్నాడు. అట్లా నేను పదవీ విరమణ తరువాత శిష్యరికంలో చేరాను.

వాల్వు సంగతి చెప్పుకోవాలంటే కష్టమేమీ లేదు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక వేడి గొట్టం, దాని చుట్టూ జల్లెడ వంటి గ్రిడ్డు, ఆ వెలుపల ప్లేటు. గొట్టాన్ని 6.3 వోల్టులతో వేడిచేస్తే దాని పైపూత నుంచి ఎలక్ట్రానులు లేస్తాయి. మూడు వందల పైచిలుకు వోల్టుల ప్లేటు వాటిని లాగుతుంది. నడుమనున్న గ్రిడ్డు మీద మైకు పంపిన చిన్న కదలిక ఆ ప్రవాహాన్ని పెద్దగా ఆడిస్తుంది. ఫ్లెమింగు 1904లో రెండు అంగాల వాల్వు చేస్తే, లీ డిఫారెస్టు 1906లో గ్రిడ్డును చేర్చాడు. కథంతా ఆ మూడో అంగానిదే.

మా సెట్టులో ముందుభాగాన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్సు వారి ఇసిసి83 ఉంది. చివర 6ఎల్6లు రెండు, ఒకటి లాగుతుంటే మరొకటి నెట్టేట్టు జతగా ఉన్నాయి. 1936లో అమెరికాలో పుట్టిన ఆ వాల్వులు జంటగా పాతిక వాట్లు ఇస్తాయి. ఈ కాలపు లెక్కల్లో అదేమంత? ఊరంతా విన్నది ఆ పాతిక వాట్లతోనే.

అసలు విద్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఉంది. వాల్వుల జతకు 6600 ఓముల భారం కావాలి, స్పీకరుదేమో 8 ఓములు. ఒకదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే చుట్ల నిష్పత్తి దాదాపు 29కి 1 వస్తుంది. లెక్క ఇంతే. కానీ ఆ చుట్లను పొరలు పొరలుగా ఒకదానిలో ఒకటి ఇమిడ్చి చుట్టకపోతే పై స్వరాలు రావు. స్పీకరు తగిలించకుండా సెట్టు మోగిస్తే లోపల వోల్టేజి పెరిగి ఆ చుట్లే కాలిపోతాయి. బాబాయి తిట్టేది ఈ ఒక్క విషయానికే.

ఇక వార్ధక్యం. వాల్వుకు వేడంటే భయం లేదు, వేడే దాని జీవితం. పైపూత అరిగినకొద్దీ బలం తగ్గుతుంది. బుడ్డి లోపలి వెండిరంగు మచ్చ తెల్లబడితే గాలి దూరినట్టే, ఇక ఆశ వదులుకోవాలి. ముందుగా ముసలివయ్యేవి మాత్రం కండెన్సర్లు. వాటి లోపలి ద్రవం ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయువు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. రెంటచింతల ఎండల పక్కన ఉన్నవాళ్ళం, మా కండెన్సర్ల గతి చెప్పాలా! అవి ఎండితే పద్యం వెనుక 'హుమ్'మనే శ్రుతి చేరుతుంది. ఏ హార్మోనియానికీ కలవని శ్రుతి అది.

మొదట సీరీస్ బల్బు పెట్టించాడు. లోపల షార్టు ఉంటే నూరు వాట్ల బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. మా బల్బు ఒకసారి మెరిసి మసకబారింది. "బానే ఉందయ్యా" అన్నాడు. రెండు నిమిషాలకు ఒక 6ఎల్6 ప్లేటు ఎర్రబడసాగింది. "ఆపండి!" అని కేకేశాడు. కళ్ళు ఆనవు, మరెట్లా తెలిసిందంటే, శబ్దం బరువెక్కిందట. ముందు దశ నుంచి వచ్చే కండెన్సరు లీకై గ్రిడ్డును రుణం నుంచి ధనం వైపు లాగుతోంది. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది. దాన్ని రెసిస్టరుతో నేలకు దించి, మీటరుతో చూసి, అప్పుడే చేయి పెట్టనిచ్చాడు. అదీ ఒక చేయే. రెండో చేయి జేబులో ఉండాలి, పిడుగు గుండె మీదుగా పోకుండా.

కండెన్సర్లు మార్చాక నా పరీక్ష మొదలయింది. మైకు ముందు నిలబడి శకలం–సకలం, ఖరము–కరము, ధార–దార చదివాను. (చివరి జంటలో తేడా వినబడకపోతే కాపురాలకే ముప్పు.) బాకా నుంచి అన్నీ ఒకటిగానే వచ్చాయి. నాకు నిరుత్సాహం కలిగింది. బాబాయి మాట్లాడకుండా బాకా తీయించి, పెట్టె స్పీకరు తగిలించమన్నాడు. శకారం శకారంగా, ఖకారం ఊపిరితో సహా వచ్చింది! ఊష్మాలంటే ఊపిరి రాపిడే. ఆ ధ్వని చాలావరకు ఎత్తైన కంపనాల్లో ఉంటుంది. దూరం కోసం చేసిన బాకాకు ఆ ఎత్తులో ఓపిక తక్కువ. ఇన్నేళ్ళూ వాల్వు మీద పడ్డ నింద బాకాది.

వాల్వు ధ్వని మధురమనే మాటను కూడా నేను సగమే ఒప్పుకుంటాను. ఒంటి వాల్వు రేడియో ప్రతి స్వరానికీ దాని పైస్థాయి స్వరాన్ని కాస్త కలుపుతుంది. అది చెవికి ఇంపేగాని సత్యం కాదు. జంట వాల్వుల్లో ఆ కల్తీ చాలావరకు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. నటుడు రాగం పై అంచున గొంతు చించుకున్నప్పుడు ట్రాన్సిస్టరు సెట్టు తల నరికినట్టు కత్తిరిస్తుంది. వాల్వు సెట్టు నెమ్మదిగా వంగుతుంది. నాకు నచ్చిందల్లా ఆ వంగడమే.

కొత్త వాల్వులు ఇప్పటికీ రష్యా, స్లొవేకియా, చైనాల్లో తయారవుతున్నాయి, కొనుక్కోవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మరు చుట్టే పద్ధతి మాత్రం మా ఊళ్ళో ఆయన నోటిలోనే ఉంది. ఏ పొరకెన్ని చుట్లు, నడుమ ఏ కాగితం, ఏ వార్నిషు — రోజూ సాయంత్రం చెబుతూంటే రాసుకొంటున్నాను. పదకొండు పుటలైనవి. కుర్రవాళ్ళు శివరాత్రి రిహార్సల్సుకు సెట్టు పెట్టుకున్నారు. అమ్మకం వాయిదా వేశారుగాని, మానుకున్నామని ఇంకా అనలేదు.