జిల్లా పోయింది... ఇంటిపేరు మిగిలింది

కరీంనగర్ ప్రాంతంలో ఎలగందుల ఇంటిపేరున్నవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఆ ఊరు చూసినవాళ్లు ఎంతమందో! నిజానికి ఒకప్పుడు ఈ జిల్లా పేరే ఎలగందుల. 1905లో నిజాం సర్కారు జిల్లాల హద్దులు మార్చినప్పుడు కచేరీలు కరీంనగర్‌కు తరలాయి, జిల్లా పేరూ మారింది. కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వెలసిన ఊరు పట్నమైంది. కాకతీయుల నుంచి అసఫ్‌జాహీల దాకా ఐదు రాజవంశాలు ఏలిన ఎలగందుల పల్లెగా మిగిలిపోయింది.

సిరిసిల్ల దారిలో పది కిలోమీటర్లు దాటగానే గుట్ట మీద కోట కనిపిస్తుంది. దగ్గర్లోనే దో మినార్. ఒక మినారు ఊపితే రెండోదీ ఊగుతుందంటారు. ఊపి చూడాలన్న సరదా వద్దు, పాత కట్టడం!

కోట ఎక్కి చూస్తే కింద మానేరు నీళ్లు. 1985లో పూర్తయిన దిగువ మానేరు డ్యాం ఇరవై నాలుగు టీఎంసీల జలాశయం. కరీంనగర్ దాహం తీర్చేది అదే. దాని కింద మునిగిన పల్లెలవాళ్లకు మాత్రం చూపించుకోవడానికి ఓ గుట్టయినా మిగల్లేదు.

మెట్లు నిటారుగా ఉంటాయి. పొద్దున్నే బయల్దేరండి, తాగునీళ్లు వెంట ఉంచుకోండి.