ప్రశ్నలో లేని మాట

2010 మార్చి 8. సికింద్రాబాదులో నేను చరిత్ర పాఠాలు చెప్పే మహిళా కళాశాలలో మహిళా దినోత్సవం సందర్భంగా క్విజ్ పెట్టాం. ప్రశ్నలు తయారుచేసిందీ, పేపర్లు దిద్దిందీ నేనే. అంతకు రెండు వారాల ముందు, ఫిబ్రవరి 24న, గ్వాలియర్‌లో దక్షిణాఫ్రికా మీద సచిన్ టెండూల్కర్ 200 పరుగులు చేశాడు. ఎక్కడ విన్నా అదే ముచ్చట. అందుకే ఒక ప్రశ్న ఇలా రాశాను: 'అంతర్జాతీయ వన్డే క్రికెట్‌లో తొలి డబుల్ సెంచరీ చేసిందెవరు?'

అందరూ సచిన్ అని రాశారు. ఒకమ్మాయి మాత్రం బెలిండా క్లార్క్ అని రాసింది. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఒక్క మార్కు తేడాతో ఆ అమ్మాయికి మొదటి బహుమతి పోయింది.

మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. "మేడమ్, ఆమె ఆస్ట్రేలియా కెప్టెన్. 1997 ప్రపంచకప్‌లో డెన్మార్క్ మీద 229 నాటౌట్. ఆ మ్యాచ్ జరిగింది మన ముంబైలోనే."

"మనం అడిగింది మగవాళ్ళ క్రికెట్ గురించి కదమ్మా!"

"ప్రశ్నలో ఆ మాట లేదు మేడమ్."

"లేకపోయినా అందరికీ అర్థమైంది కదా" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నా మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. కవి అంటే మగవాడే గుర్తుకొస్తాడనీ, ఆడదైతే కవయిత్రి అని వేరుచేసి చెప్పాల్సి వస్తుందనీ ఎన్ని సభల్లో వాదించాను! అదే నేను, క్రికెట్ అంటే మగవాళ్ళదేనని, అదీ మహిళా దినోత్సవం నాడు, తేల్చిపారేశాను.

తర్వాత వివరాలు వెతికి చదివాను. 1997 డిసెంబరు 16న క్లార్క్ 155 బంతుల్లో ఆ పరుగులు చేసింది. సచిన్ కంటే పన్నెండేళ్ళ ముందు. ఆస్ట్రేలియా 412 చేస్తే డెన్మార్క్ 49కే ఆలౌటైంది. "అంత బలహీనమైన జట్టు మీద కొడితే గొప్పేమిటి?" అన్నారొక సహోద్యోగి. బలహీనమైన జట్టే. కానీ నేనడిగింది గొప్పెవరిది అని కాదు, తొలి ఎవరిది అని. ఆ మాటకొస్తే ప్రపంచకప్ కూడా ఆడవాళ్ళే ముందు మొదలుపెట్టారు, 1973లో. మగవాళ్ళది 1975లో.

ఇంకో సంగతి నన్ను మరీ సిగ్గుపడేలా చేసింది. 2005లో సెంచూరియన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో క్లార్క్ జట్టు 98 పరుగుల తేడాతో ఓడించింది మన మిథాలీ రాజ్ జట్టునే. మిథాలీ ఈ సికింద్రాబాదులో పెరిగి, ఇక్కడే బ్యాటు పట్టిన పిల్ల. 2002లో టాంటన్‌లో 214 పరుగులు చేసి, ఆస్ట్రేలియా క్రీడాకారిణి కరెన్ రోల్టన్ పేరున ఉన్న 209 పరుగుల టెస్టు రికార్డును దాటింది. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు. ఆ 2005 ఫైనల్ జరిగిన రోజు నేనేం చేస్తున్నానో కూడా గుర్తులేదు.

మర్నాడే ఆ అమ్మాయిని పిలిచి మార్కు దిద్ది ఉండొచ్చు. బహుమతి అప్పటికే ఇచ్చేశాం, మళ్ళీ గొడవెందుకని ఊరుకున్నాను. ఆడవాళ్ళ పేర్లు చరిత్రలోంచి ఎలా జారిపోతాయో పుస్తకాల్లో వెతికిన నాకు, 'గొడవెందుకు' అనుకోవడమూ ఒక దారేనని అప్పుడు తట్టలేదు.

2023 జనవరిలో సిడ్నీ క్రికెట్ మైదానం దగ్గర క్లార్క్ విగ్రహం పెట్టారు. ఒక మహిళా క్రికెటర్‌కి విగ్రహం పెట్టడం అదే మొదటిసారి. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మన అమ్మాయిలు 339 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ఆస్ట్రేలియాను సెమీఫైనల్లో ఓడించారు. మూడు రోజులకి కప్పూ గెలిచారు. మా అపార్టుమెంటులో మగవాళ్ళు కూడా టపాసులు కాల్చారు. నాకు మాత్రం గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ పిల్లే కళ్ళముందు మెదిలింది. తను క్రికెట్ ఆడేదో, చదివేదో కూడా నేనడగలేదు.

రిటైరయ్యే దాకా, ఏ ప్రశ్నలో 'తొలి' అని రాసినా 'ఎవరిలో' అన్నది పక్కనే రాసి మరీ పేపరిచ్చాను. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు.