పది అడుగుల వంటిల్లు, పదిహేను వేల బడ్జెట్

వైడ్ యాంగిల్ లెన్స్ కొనాలనుకుంటున్నారా? ముందు యూట్యూబ్ రివ్యూలు పక్కన పెట్టండి. ఇంట్లో కొలతల టేపు ఉంటే బయటికి తీయండి. ఎందుకో చెప్తా.

నాది కెనన్ 200డీ. మొదటి బోనస్‌తో కొన్నా. దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే ఫ్రెండ్స్ పెళ్లిళ్లు, అరకు ట్రిప్పులు, టీమ్ లంచ్‌లు అన్నీ లాగించేశా. ఇంకో లెన్స్ కావాలని ఎప్పుడూ అనిపించలేదు. పోయిన దీపావళికి పెదనాన్న ఫోన్ చేసి, “సంక్రాంతి వెళ్లాక ఇల్లు తీయించేస్తున్నాం రా. పండక్కి అందరూ రండి” అన్నారు.

ఇల్లంటే అమలాపురం దగ్గర మా ఊళ్లో తాతయ్య కట్టించిన మండువా ఇల్లు. చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ అక్కడే పడతాయి. టేకు స్తంభాలు, అటక, ధాన్యం గాదె... అన్నీ ఉన్నాయి. కారే పైకప్పు కూడా ఉంది. అన్నదమ్ములు ముగ్గురికీ మూడు వాటాలు. పెంకులు మార్చడానికి ఏటా పెట్టే డబ్బు, చూసుకోవడానికి మనిషి లేకపోవడం, ఇవన్నీ తెలిసి ఎవర్ని తప్పుపడతాం? హైదరాబాద్‌లో టూ బీహెచ్‌కేలో కూర్చుని “ఇల్లు ఉంచండి” అనడం నాకు తేలికే. అక్కడ ఉండేది నేను కాదు.

నేను చేయగలిగింది ఫొటోలు తీయడం. పాత ఆల్బమ్‌లు తిరగేస్తే ఒక విషయం కనిపించింది. ఆ ఇంట్లో తీసిన ఫొటోలు వందకు పైనే ఉన్నాయి. అన్నింట్లో మనుషులే. వెనకాల ఒక స్తంభం, సగం తలుపు, ఓ కిటికీ ఊచలు. ఇల్లు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. గదులు ఇరుకు, వెనక్కి జరగడానికి గోడ అడ్డం. నా కిట్ లెన్స్‌కీ అదే సమస్య.

అందుకే టేపు. ఊళ్లో ఉన్న బాబాయ్ కొడుకు వీడియో కాల్‌లో గదులన్నీ కొలిచాడు. పక్కనుంచి నానమ్మ, “ఎవరికి కొలుస్తున్నార్రా? బేరం గానీ వచ్చిందా?” అని అడుగుతూనే ఉంది. వంటింట్లో గోడ నుంచి గోడకి పదకొండు అడుగులు. కెమెరాకీ, నా తలకీ ఒక అడుగు తీసేస్తే మిగిలేది పది. ఎదుటి గోడ వెడల్పు పద్నాలుగు అడుగులు.

ఇప్పుడు చిన్న లెక్క. కెనన్ క్రాప్ సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం. దూరాన్ని 22.3తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. నికాన్, సోనీ క్రాప్ సెన్సర్లయితే 22.3 బదులు 23.5 వేసుకోండి. పది అడుగుల దూరం నుంచి 18 ఎంఎం దగ్గర పడేది సుమారు 12.4 అడుగులు. గోడే పట్టదు. 14 ఎంఎంకి 15.9 అడుగులు. గోడ పడుతుంది, పక్క గోడలు దాదాపు రావు. గోడ మాత్రమే ఉంటే అది గది ఫొటో కాదు. 10 ఎంఎంకి 22.3 అడుగులు. పొయ్యి గట్టు, గూళ్లు, పెరటి గుమ్మం అన్నీ వచ్చేస్తాయి.

ఈ ఒక్క లెక్కతో సగం లిస్టు ఎగిరిపోయింది. తక్కువ ధరలో బాగుంటుందని అందరూ చెప్పే సామ్‌యాంగ్ 14 ఎంఎం ఎఫ్/2.8 మంచి లెన్సే. కానీ అది ఫుల్ ఫ్రేమ్ కోసం చేసింది. నా కెమెరాలో దాని వ్యూ సుమారు 22 ఎంఎంతో సమానం. పైగా ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. మిగిలినవి రెండు: టోకినా 11-16 ఎఫ్/2.8, కెనన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎఫ్/4.5-5.6.

ఫోరమ్‌ల దాకా ఎందుకు, మా ఆఫీస్‌లోనే ఫొటోలు తీసేవాళ్లంతా టోకినాకే ఓటేశారు. ఎఫ్/2.8 అంటే ఎఫ్/4.5 కన్నా రెండున్నర రెట్లు వెలుతురు ఎక్కువ. నక్షత్రాలు తీసేవాళ్లకి, రాత్రి ఈవెంట్లు తీసేవాళ్లకి అది తప్పనిసరి. మరి నాకు? ఇల్లు కదలదు. ట్రైపాడ్ వేసి రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే చీకటి గది కూడా వెలుగుతుంది. ఎలాగూ నేను తీసేది ఎఫ్/8లో. 10 ఎంఎం, ఎఫ్/8 పెట్టి ముప్పావు మీటరు దూరంలో ఫోకస్ చేస్తే దగ్గరి వస్తువు నుంచి చివరి గోడ దాకా అంతా షార్ప్‌గా వస్తుంది. ఎఫ్/2.8కి డబ్బు కడితే, అది నేను వాడని ఫీచర్‌కి కట్టినట్టే.

10-18 బరువు 240 గ్రాములు. మౌంట్ ప్లాస్టిక్, నిజమే. కానీ అందులో స్టెబిలైజర్ ఉంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు అది పనికొస్తుంది. ట్రైపాడ్ మీద ఆపేయాలి. కొత్తది నా బడ్జెట్‌లో లేదు. కోఠి వైపు రెండు శనివారాలు తిరిగి, సెకండ్ హ్యాండ్‌ది 11,500కి తీసుకున్నా. ట్రైపాడ్ ఇంకో 2,200.

వాడిన లెన్స్ కొనేటప్పుడు మూడు చూడండి. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి అద్దాల్లో సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో వెతకండి. కోస్తా తేమలో వాడిన లెన్సుల్లో ఇది మామూలే. తర్వాత ఇటుక గోడకో, న్యూస్‌పేపర్ అతికించిన గోడకో ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ జూమ్ చేయండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే వదిలేయండి. చివరగా ఆటోఫోకస్ నాలుగైదుసార్లు వేసి చూడండి.

మీది నికాన్ అయితే ఏఎఫ్-పీ డీఎక్స్ 10-20 ఉంది. అది పాత బాడీలు కొన్నింటిలో ఫోకస్ చేయదు, కనుక్కుని తీసుకోండి. కెనన్ మిర్రర్‌లెస్‌కి ఆర్‌ఎఫ్-ఎస్ 10-18 వచ్చింది. అసలు ఒక్క రోజు పనే అయితే అద్దెకి తెచ్చుకోండి. నాకు నాలుగు వారాంతాలు కావాలి, అందుకే కొన్నా. “ఫోన్‌లో అల్ట్రావైడ్ ఉందిగా” అంటారా? మండువాలో పట్టపగలు ఫోన్ చాలు. మసిపట్టిన వంటింట్లో మాత్రం ఆ చిన్న సెన్సర్ గోడ గరుకుని నీళ్లలో కలిపేసింది.

తీసేటప్పుడు తెలిసినవి రెండు. కెమెరా కొంచెం పైకెత్తినా స్తంభాలు వెనక్కి వాలిపోతాయి. ట్రైపాడ్ మీద బుడగ మధ్యలోకి వచ్చేదాకా సర్దుకోవాల్సిందే. రెండోది, అంచుల్లో ఉన్న మనిషి సాగిపోతాడు. అందుకే సంక్రాంతి గ్రూప్ ఫొటోలో ఇరవై ముగ్గుర్నీ మధ్యకి జరిపి, అంచుల్లో స్తంభాలే ఉండేలా 18 ఎంఎంలో తీశా. చివర్లో నిలబడతానని పట్టుబట్టిన బాబాయ్‌కి ఇదంతా వివరించేసరికి పులిహోర చల్లారింది.

పండగ మర్నాడు ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో నానమ్మకి చూపించా. వంటింటి ఫొటో దగ్గర ఆగి, “ఇంత పెద్దదేంట్రా? మనది ఇంత లేదు” అంది. ఆవిడ చెప్పింది కరెక్ట్. దగ్గరివి పెద్దగా, దూరానివి ఇంకా దూరంగా చూపించడం వైడ్ లెన్స్ లక్షణం. గది కొలతలు నిజమే పట్టింది, కానీ ఆ గదిలో యాభై ఏళ్లు మసిలిన మనిషికి అది పరాయి ఇల్లులా కనిపించింది.

నాలుగైదు ఫొటోల తర్వాత “ఇదీ” అంది. ఈ లెన్స్ 22 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ చేస్తుంది. నేల మీద పడుకుని, సన్నికల్లు అంచుకి దాదాపు ఆనించి తీసిన ఫొటో అది. ముందు అరిగిన రాయి, వెనక మొత్తం వంటిల్లు. వైడ్ అంటే అంతా పట్టించడమనే నేను కొన్నా. దగ్గరికెళ్లడానికి కూడా అదే పనికొస్తుందని ఆవిడ ఎంపిక చెప్పింది. ప్రింట్ వేయించి ఇచ్చా. ఇప్పుడు కాకినాడలో అత్తయ్య వాళ్లింట్లో, నానమ్మ మంచం పక్కన ఉంది.

ఇల్లు ఫిబ్రవరిలో తీసేశారు. లెన్స్ ప్రస్తుతం నా దగ్గర లేదు. కరీంనగర్ దగ్గర వాళ్ల తాతగారి ఇల్లు వేసవిలో పడగొడుతున్నారని మా టీమ్‌లో ఒకతను చెప్తే ఇచ్చి పంపా. వాళ్ల వంటిల్లు తొమ్మిది అడుగులట.