ఆంగ్లక్రియలును వాని తోకలును

మా బాల్యమున మా యింట నొక రాగిబిందె యుండెడిది. మా అమ్మగారికి పుట్టింటివారు పెట్టిన సొమ్ములలో అది యొకటి. ఆ బిందె కొన్ని నెలలపాటు షావుకారుగారి కొట్టులో తాకట్టు పడియుండుటకు ఆంగ్లభాషలోని రెండు చిన్నమాటలు కారణమని చెప్పినచో చదువరులు నవ్వుదురు. నవ్వినను సరియే. ముందుగా ఆ కథ చెప్పి పిదప వ్యాకరణములోనికి దిగెదము.

మేమప్పుడు నాలుగవ ఫారము చదివి వేసవి సెలవులకు ఇల్లు చేరియుంటిమి. ఒకనాడు పాఠశాలనుండి మా తండ్రిగారిపేర ఉత్తరము వచ్చెను. ఊరిలో ఇంగ్లీషు తెలిసినవారము మేమొక్కరమే. తండ్రిగారు అరుగుపై కూర్చుండి "చదువు నాయనా" యనిరి. అందలి మొదటి వాక్యము మాకు నేటికిని జ్ఞప్తియందున్నది: "యువర్ సన్ హాజ్ టర్న్‌డ్ అవుట్ వెల్." ఆ యేటి పాఠములలో ఒక భూస్వామి అద్దె చెల్లింపలేని కాపును ఇంటినుండి "టర్న్‌డ్ అవుట్" చేసిన కథ యుండెను. "టర్న్ అవుట్ అనగా వెళ్లగొట్టుట" అని నోటుపుస్తకమున వ్రాసికొని బట్టీపట్టియుంటిమి. "వెల్" అనగా బాగుగా. ఇక సందేహమేమున్నది? "మీ కుమారుని బాగుగా వెళ్లగొట్టితిమి" అని గద్గదస్వరముతో చదివి వినిపించితిమి. క్రిందిపంక్తులలో ఫీజు అను మాటయు జూన్ అను మాటయు కానవచ్చెను గాని కన్నీరడ్డుపడి తక్కినవి కనబడలేదు.

"ఏమి చేసితివిరా?" అని తండ్రిగారు ఒక్కమారు మాత్రమే యడిగిరి. పగిలిన కిటికీ అద్దమొకటి మాకు జ్ఞప్తికి వచ్చెను, అది చెప్పితిమి. ఆ రాత్రి అమ్మగారు భోజనము చేయలేదు. జుల్మానా చెల్లించినచో మరల చేర్చుకొందురేమో యను ఆశతో తండ్రిగారు బిందెను తాకట్టుపెట్టి సొమ్ము మూటగట్టుకొని, తెల్లవారకముందే మమ్ము వెంటబెట్టుకొని నాలుగు క్రోసులు నడచిరి.

ప్రధానోపాధ్యాయులుగారు ఉత్తరము చూచి, మా వంక చూచి, "వెళ్లగొట్టినదెవరు? ఈ వాక్యమున కర్మ యెక్కడనున్నది?" అని యడిగిరి. కర్మ లేదు. కుమారుడే కర్త. "మీ వాడు చక్కగా పైకి వచ్చుచున్నాడు" అని దాని యర్థము. వచ్చు జూన్ మొదలు సగము ఫీజు తగ్గింతుమని క్రిందిపంక్తులలో నుండెను.

ఆనాటినుండి ఈ జాతి క్రియలయెడ మాకు భయమును, భయమువెంట ప్రేమయు కలిగినవి. ఆ టర్న్ అవుట్ అనుదానినే చూడుడు. కాపును చేసిన వెళ్లగొట్టుట. దీపమును చేసిన ఆర్పుట. జేబును చేసిన లోనిదంతయు బయటవేసి చూపుట. మిల్లు గుడ్డలను చేసిన తయారుచేయుట. క్రియయు మారలేదు, దాని తోకయు మారలేదు. ఎదుట నిలిచిన నామము మారినది, అంతే.

ఈ చిక్కు మన యొక్కరిది కాదు. 1755 లో తన మహానిఘంటువును ప్రకటించిన సామ్యుయెల్ జాన్సన్ పండితుడు, క్రియకు చిన్నమాట చేర్చి అర్థము మార్చు ఈ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి కష్టమని పీఠికలోనే యొప్పుకొనెను. వీనికి "ఫ్రేజల్ వెర్బులు" అను పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925 లో తన గ్రంథమున వాడెను; ఆ పేరు తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని చెప్పెను. పేరు వచ్చినను కష్టము పోలేదు.

"పుట్ అవుట్" మరియొకటి. నిప్పును ఆర్పుట, చేయి చాచుట, పిల్లిని రాత్రివేళ బయటకు పంపుట, పత్రిక ప్రకటించుట, భుజము కీలు తప్పించుకొనుట, అతిథి వచ్చి ఇంటివారిని ఇబ్బందిపెట్టుట - ఇన్నిటికిని అదియే మాట. ఉన్నచోటు విడిచి వెలికి పోవుట యను భావము వీనిలో చాలవాని యడుగున దాగియున్నది. ఇక నామమునకు బదులు సర్వనామము వచ్చినచో అది నడుమనే కూర్చుండవలెను: "పుట్ ఇట్ అవుట్" అనవలెను గాని "పుట్ అవుట్ ఇట్" అనరాదు. పరీక్షలలో దీనికి మార్కులు పోవుట మేమెరుగుదుము.

అయితే ఆంగ్లేయులను నిందింపకముందు మన యిల్లు చూచుకొనుట న్యాయము. మనము తాళి కట్టుదుము, ఇల్లు కట్టుదుము, పన్ను కట్టుదుము, లెక్క కట్టుదుము, పాట కట్టుదుము, వేషము కట్టుదుము, ఆవును గుంజకు కట్టుదుము. మనకిందు వింత యేమియు తోపదు. తెలుగు నేర్చుకొను దొరగారికి మాత్రము తల తిరుగును. వారి "పుట్ ఆన్" అను ఒక్క మాట ధరించుట కంతకును చాలును. మనమో, చీర కట్టుకొందుము, చొక్కా తొడుగుకొందుము, టోపీ పెట్టుకొందుము, దండ వేసికొందుము. టోపీ కట్టుకొంటినని ఆ దొరగారు పలికినచో మనము నవ్వుదుము. మన ఉత్తరమును చదివి వారు నవ్వినట్లే. అచ్చట నామము అర్థమును మార్చును. ఇచ్చట నామము క్రియనే మార్చును.

ప్రధానోపాధ్యాయులుగారు ఆనాడు మా నోటుపుస్తకము తెప్పించి, ఒంటరిగా నున్న టర్న్ అవుట్ అను మాటను కొట్టివేసి, దానిచోట "కాపును", "దీపమును", "జేబును" అని కర్మలతోగూడ వ్రాయించిరి. కర్మ లేనిదానికి వేరుగా నొక గీత గీయించిరి. నేటికిని మేము పిల్లలచేత నట్లే వ్రాయించుచున్నాము.

తిరుగు దారిలో తండ్రిగారు బజారున నిలిచిరి. మూటలోని సొమ్ము జుల్మానాకు పనికిరాలేదు గదా! దానితో ఐదవ ఫారము పుస్తకములును, వానితోబాటు లావైన ఇంగ్లీషు నిఘంటువు నొకటియు కొనియిచ్చిరి. అందువలన బిందె సంక్రాంతికి పంట చేతికి వచ్చువరకు షావుకారుగారి కొట్టులోనే యుండెను. అమ్మగారు మట్టికుండతో నీరు తెచ్చుచు, దీపముచెంత మేము ఆ నిఘంటువు తిరుగవేయుట చూచినప్పుడెల్ల, "అందులో నా బిందె ఎక్కడనున్నదో చూడరా" అనెడివారు.