బేతంచెర్ల బండలు – వెలుగుల ఘనము

గుంతకల్లునుండి ద్రోణాచలము మీదుగా నంద్యాలకు బోవు రైలుమార్గమున బేతంచెర్ల యను నూరు గలదు. పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలో జేరినది. ముగ్గు తీర్చుటకు నునుపైన బేతంచెర్ల బండల నెఱుగని గృహిణు లరుదు. వాని పుట్టినిల్లు చూడగోరి మేమచ్చటికి బోయితిమి.

ఊరిచుట్టును సున్నపురాతి గనులు. కోసి మెఱుగుపెట్టిన పలకలు వరుసలుగా నిలిచియుండును. వాన లరుదైన సీమ యిది. అయినను నిచట నెండయు నొక పంటయే. 2017లో గని, శకునాల గ్రామములయొద్ద 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది.

బండలు దూరపుటిండ్లకును, విద్యుత్తు దూరపుటూళ్లకును బోవుచున్నవి. ఊరివారందఱు గూడి తమకై కట్టుకొన్న వెలుగొకటి యీ యూరి నడుమ నుండరాదా యని మాకు దోచినది.

సోదరీమణులారా! అన్యదేశముల నుత్సాహవంతులు పలువురు చేరి ఎల్‌ఈడీ దీపములతో ఘనములను గట్టుచున్నారు. పొడవునకు 8, వెడల్పునకు 8, ఎత్తునకు 8 చొప్పున గూర్చిన 512 చిన్నదీపములు! ప్రతిదానికిని వేఱుతీగ యక్కఱలేదు. నిలువువరుసలు 64, అంతస్తులు 8. ఒకే రంగు దీపములైనచో 72 తీగలు చాలును. ఒక్కొక్క క్షణమున నొక్క యంతస్తే వెలుగును. కాని వడిగా ద్రిప్పిన కొఱవి చక్రమై కనబడునట్లు, అన్నియు నొక్కమాఱే వెలిగినట్లు తోచును. చప్పట్లనో, దాపునకు వచ్చిన చేతినో గుర్తించు పరికరమును జేర్చినచో బిడ్డ చేయి చాచగనే వెలుగుల తీరు మాఱును.

ఈ పనికి ధనముకంటె నోర్పు ముఖ్యము. దీపమునకు రెండు కాళ్లు; పొడవుది ధనము, పొట్టిది ఋణము. తాఱుమాఱైన వెలుగదు. అన్నియు బేర్చిన పిదప లోపలిదానిని సవరించుట మిక్కిలి కష్టము. కావున నొక్కొక్క యంతస్తును వెలిగించి చూచిన పిమ్మటనే పైదానిని నిలుపవలెను. చుక్కలు లెక్కతప్పక పెట్టి ముగ్గు కలుపు చేతులకు నిది క్రొత్త విద్య కాదు.

అందుచేత మాటువేయు పని మగపిల్లలకే విడిచి, ఆడుబిడ్డలను జూచువారినిగా నిలుపరాదు. పొగ పీల్చకుండ గాలి యాడుచోట, పెద్దల కనుసన్నల నిరువురకును నేర్పవలెను. తన చేతి దీపము వెలుగుట జూచిన బాలిక తక్కిన యంత్రములకు వెఱవదు.

మొదట నాలుగేసి చొప్పున 64 దీపముల చిన్నఘనమును పాఠశాలలో గట్టి చూడవచ్చును. అది కుదిరిన పిదప పెద్దది. పీఠమునకు మాత్రము వెదుకనక్కఱలేదు. బేతంచెర్ల బండ యుండనే యున్నది.